అభ్యంతరం ఉన్నవాళ్లు

జ్యోతి పెళ్లి ఆపడానికి సుందర్ రావుకు మిగిలింది మూడు ఆదివారాలే.

వాళ్ల చర్చిలో ఏ పెళ్లయినా సరే, ముందు వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. పిల్ల పేరు, పిల్లగాడి పేరు, తల్లిదండ్రులు, ఊరు, సంఘం అన్నీ చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు లేచి చెప్పమని పాస్టరు అయ్యగారు అడుగుతాడు. అడిగి కాసేపు ఆగుతాడు. సుందర్ రావు బుద్ధెరిగిన నాటి నుంచి ఆ కాసేపట్లో ఎవరూ లేవలేదు. ఆడవాళ్లు కొంగు సర్దుకుంటారు, మగవాళ్లు కానుక సంచిలో వెయ్యడానికి జేబులు తడుముకుంటారు. ఈసారి మాత్రం ఆ కాసేపు తనదేనని అతను ఇంట్లో తేల్చి చెప్పాడు.

"లేస్త. అందరి ముంగట లేచి, ఆంధ్రోనికి నా బిడ్డను ఇయ్యనని చెప్త. ఏ అయ్యగారు చేస్తడో చూస్త పెండ్లి."

భార్య రూతు బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. "లేసేటప్పుడు నీ బిడ్డ మొఖం ఒక్కపారి చూసి లెవ్వు" అంది.

సుందర్ రావుకు యాభై దగ్గర పడ్డాయి. మట్టెవాడలో మైకుసెట్టు దుకాణం. ఏడో తరగతిలో బడి మానేసి, గొట్టం మైకులు భుజాన మోస్తూ పని నేర్చుకున్నాడు. చర్చిలో ఆంప్లిఫయర్ చూసుకునేదీ అతనే. స్తంభం పక్కన చిన్న బల్ల, దాని మీద ఆ డబ్బా, వెనకాల అతని కుర్చీ. పెళ్లి కానీ, చావు కానీ, ఓట్లు కానీ, ఈ ఊళ్లో ఎవడేం మాట్లాడినా అతని తీగల్లోంచే పోవాలి. అతను మాత్రం మాట్లాడకూడదు. ఆ ముక్క హైదరాబాదులో తెలిసొచ్చింది. వయసులో ఉన్నప్పుడు ఒక పెద్ద సభకు సెట్టు తీసుకుపోయి, స్టేజీ ఎక్కి "హలో, హలో, అందరికి ఇనవడుతాందా" అన్నాడు. సభ ఏర్పాట్లు చూస్తున్న కోస్తా కాంట్రాక్టరు పడీపడీ నవ్వాడు. టెస్టింగుకు ఇంకెవర్నైనా పెట్టండ్రా, ఇతని యాసకు జనం నవ్వుతారు అన్నాడు. అన్నవాడు ఆ పూటే మరిచిపోయి ఉంటాడు. పడ్డవాడు మరవలేదు.

అందుకే ఉద్యమం వచ్చినప్పుడు సుందర్ రావుకు ఎవరూ ఏదీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. నీళ్ల లెక్కలు, కొలువుల లెక్కలు పెద్దవాళ్లు చెప్పుకున్నారు. అతని లెక్క ఒక్కటే: మన నోటికి మన మైకు. ధూంధాంలకు, వంటావార్పులకు, రాస్తారోకోలకు ఊరికే సెట్టు పెట్టాడు. రైల్‌రోకోలో పడ్డ లాఠీ దెబ్బకు ఎడమ భుజం ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. అతని మైకుల్లో అరిచినవాళ్లు కొందరు కార్లెక్కారు. అతను ఆ పాత ట్రాలీ ఆటోలోనే బాక్సులేసుకుని తిరుగుతున్నాడు. అయినా ఫికర్ లేదు, రాష్ట్రం వస్తే చాలనుకున్నాడు.

అలాంటి మనిషి ఇంట్లో, సరిగ్గా ఉద్యమం ముదిరిన రోజుల్లో, హనుమకొండ దవాఖానలో నర్సుగా చేస్తున్న కూతురు అదే దవాఖాన ల్యాబులో పనిచేసే బెన్నీని చేసుకుంటానని కూచుంది. బెన్నీది తెనాలి పక్కన పల్లె. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇతను రచ్చ గెలుస్తున్న కాలానికి ఇల్లు చేజారింది. ఏడాది పాటు కాదు, కూడదు అన్నాడు. జ్యోతికి ఇరవై ఆరు నిండాయి. ఏడాది ఓపిక పట్టి, తల్లిని వెంటబెట్టుకుని అయ్యగారి దగ్గరికి పోయింది. మూడో ప్రకటన తర్వాతి గురువారం పెళ్లని ముహూర్తం పెట్టుకుంది.

మొదటి ఆదివారం చర్చి కిక్కిరిసింది. సుందర్ రావు శపథం సంగతి అప్పటికే వాడంతా పాకింది. అయ్యగారిది ముసలి గొంతు, పిట్ట గొంతు. మైకు లేకపోతే మూడో వరస దాటదు. ఆ గొంతుతోనే "గుంటూరు జిల్లా" అని చదవగానే బెంచీల మీద కొందరు కదిలారు. చదవడం అయిపోయింది. అభ్యంతరం ఉన్నవాళ్లు లేవమన్నాడు. నూరు తలకాయలు స్తంభం వైపు తిరిగాయి.

సుందర్ రావు కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించాడు. లేవడానికి అంతా సిద్ధంగానే ఉంది. ఆడవాళ్ల వైపు రెండో వరసలో జ్యోతి ఒక్కతే అతని వైపు చూడలేదు. బోడి మెడతో, బిగబట్టిన భుజాలతో ముందుకే చూస్తూ కూచుంది. చిన్నప్పుడు సూది వేయించడానికి తీసుకుపోతే అచ్చం అలాగే కూచునేది. అతను లేవలేదు. అయ్యగారు తర్వాతి పాటకు పోయాడు.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర అయ్యగారే అతన్ని ఆపి, అభ్యంతరం అంటే ఏమిటో నిదానంగా చెప్పాడు. ఇద్దరిలో ఎవరికైనా ముందే పెళ్లయి ఉండాలి, లేదా ఈడు రాకపోవాలి, రక్తసంబంధం ఉండాలి, బలవంతమైనా ఉండాలి. మిగతావేవీ లెక్కలోకి రావు.

"జిల్లా సరిహద్దు ఇందుల లేదు సుందర్ రావూ."

"రేపు రాష్ట్రం సరిహద్దయితది గద అయ్యగారూ."

"అది గూడ లేదు" అన్నాడు అయ్యగారు.

ఆ వారమే మేడారం జాతర. ఏ దేవునికి మొక్కేవాడైనా జాతరకు మైకు కావాల్సిందే కాబట్టి సుందర్ రావు ప్రతి జాతరకూ పోతాడు. తప్పిపోయినవాళ్ల పేర్లు చదివే డేరాలో అతని సెట్టు పెట్టారు. రెండో రోజు మధ్యాహ్నం ఎద్దులబండి తొక్కి తీగ తెగింది. అరగంట పాటు పేర్లు చదివింది చదివినట్టే ఉంది, ఒక్కరూ రాలేదు. డేరాలో తప్పిపోయిన ముసలమ్మ ఒకతె కూచుని, నా పేరు చదివిండ్రు గదా మావోళ్లు ఎందుకు రాలేదని ఏడ్చింది. వినపడని పేరు చదివినట్టు కాదమ్మా అని అతనే ఆమెకు చెప్పాడు. చెప్పాక ఆ మాట అతని బుర్రలో ఇంకో దారి పట్టింది.

జాతర నుంచి వచ్చేసరికి టీవీలో ఢిల్లీ గొడవ. రాష్ట్రం బిల్లు పెట్టనివ్వకుండా పార్లమెంటులో మిరియాల నీళ్లు కొట్టారట, పెద్దమనుషులు కళ్లు తుడుచుకుంటూ బయటికి ఉరుకుతున్నారు. దుకాణం ఎదురుగా చాయ్ హోటల్ నడిపే కట్టయ్య ఆ బొమ్మలు చూసి, కండ్లల్ల మిరియాలు కొట్టుకునేటోళ్లు ఒక్క ఇంట్ల ఎట్లుంటరన్నా అన్నాడు. సుందర్ రావు తల ఊపాడు. కట్టయ్య గ్లాసు అతని ముందు పెట్టి మెల్లగా అన్నాడు:

"కని సుందరన్నా, నీ బిడ్డ మాత్రం ఉంటదట గదా."

హోటల్లో ఉన్నవాళ్లు చాయ్‌లోకి నవ్వారు. సుందర్ రావు గ్లాసు ముట్టకుండా లేచొచ్చాడు.

రెండో ఆదివారం, అయ్యగారు ప్రకటన కాగితం తీయగానే సుందర్ రావు వేలు వాల్యూమ్ బటన్ మీద పడింది. పూర్తిగా తగ్గించలేదు. కరెంటు తక్కువైనప్పుడు ఎలా నీరసపడుతుందో అలా, కొంచెం కొంచెంగా తగ్గించాడు. అయ్యగారి పెదవులు కదిలాయి. పైన ఫ్యాన్లు కటకటమంటున్నాయి. చదివాడు, అడిగాడు, ఆగాడు, కాగితం మడిచాడు. పాట మొదలయ్యేసరికి సౌండు మళ్లీ వచ్చింది.

పాట అయిపోయి అందరూ కూచున్నాక వెనక బెంచీ నుంచి శకుంతల టీచరమ్మ నిలబడింది. రిటైరయినా బడి గొంతు పోలేదు. ఎవరి పేర్లు చదివిండ్రో మా వరసల ఒక్కరికి ఇనపడలేదు, ఇనకుండ మేము ఒప్పుకున్నట్టు ఎట్లయితది అని అడిగింది. అయ్యగారు సంఘ పెద్దలతో కాసేపు గుసగుసలాడాడు. ఆమె మాట న్యాయమేనని, ఇది లెక్కలోకి రాదని, మళ్లీ చదవాలని చెప్పాడు. అంటే ఒక వారం వెనక్కి. వారం వెనక్కి పోతే శ్రమల కాలం వచ్చి పడుతుంది, ఈస్టర్ పండుగ దాటేదాకా ఆ చర్చిలో పెళ్లిళ్లు చెయ్యరు. గురువారం పెళ్లి పోయినట్టే.

సుందర్ రావు కోరుకున్నది అదే. రెండు నెలల్లో రాష్ట్రం వేరవుతుంది, పిల్ల మనసు కూడా వేరవుతుందని అతని ఆశ. తీగలు చుట్టుకుంటుంటే జ్యోతి వచ్చి బల్ల ముందు నిలబడింది. ఆంప్లిఫయర్ వైపు చూసింది, అతని వేళ్ల వైపు చూసింది. తల్లి దగ్గరికి పోయింది.

మంగళవారం బిల్లు పాసయింది. తలుపులు మూసి, టీవీలో ప్రసారం ఆపేసి పాస్ చేశారు. గురువారానికి పెద్దల సభలో కూడా అయిపోయింది. వరంగల్ వరంగల్లా లేదు. చౌరస్తాలన్నీ గులాల్, పటాకులు, డప్పులు. సుందర్ రావు బాక్సులకు ఊపిరి సలపలేదు. జనం అతన్ని ఎత్తుకుని ఎగరేశారు, నోట్లో మిఠాయి కుక్కారు. నవ్వాడు. నవ్వుతుంటే దవడలు నొప్పి పుట్టాయి. ఇంట్లో మాత్రం కూతురు అన్నం పెట్టి, చెయ్యి కడుక్కుని, మాట్లాడకుండా డ్యూటీకి పోతోంది.

శనివారం మధ్యాహ్నం దుకాణం ముందు గులాల్ పూసుకున్న గుంపు ఎగురుతుండగా, సంచి చంకలో పెట్టుకుని ఒక పెద్దాయన మధ్యలోంచి దారి చేసుకుంటూ వచ్చాడు. ఎవరో ఆయన చెంపలకు కూడా రంగు రాశారు. జై కొట్టమన్నారు. ఆయన తల ఊపాడే కానీ నోరు తెరవలేదు. లోపలికొచ్చి తెరిచాడు.

"సుందర్ రావుగారంటే మీరేనాండి? నా పేరు ఏసుపాదం. బెన్నీ నాన్నని."

సుందర్ రావు లేచి షట్టరు సగానికి దించాడు. అది ఆయన్ని దాచడానికో, తనను దాచుకోవడానికో అతనికే తెలియలేదు. ఎదురుగా కట్టయ్య మెడ సాచి చూస్తున్నాడు. కుర్చీ జరిపాడు, మంచినీళ్లిచ్చాడు. ఏసుపాదం గ్లాసు పట్టుకున్నాడు కానీ తాగలేదు.

"పెళ్లి వెనక్కి పోయిందని మావాడు ఫోన్ చేశాడండి. మంచిదే అయింది. ఈ సంబంధం నాకూ ఇష్టం లేదు. పిల్లాడి మొహం చూసి ఇన్నాళ్లూ ఊరుకున్నా. మొన్నటి దానితో మా ఊళ్లో తలెత్తుకోలేకపోతున్నానండి. మనల్ని కాదనుకున్నవాళ్లతో వియ్యమా అని మొహం మీదే అడుగుతున్నారు. రేపు మీ చర్చిలో లేచి అభ్యంతరం చెప్పి పోదామని వచ్చా. మీరూ అదే మాట మీద ఉన్నారంట కదా. ఇద్దరు తండ్రులం లేస్తే మీ అయ్యగారు కాదనలేరు."

సుందర్ రావు ఎగిరి గంతెయ్యాల్సిన మాట అది. దేవుడే పంపినట్టు తోడు దొరికాడు. విడిపోవడంలోనైనా రెండు ప్రాంతాలూ ఒక్క మాట మీదికి వచ్చాయి. కానీ అతని ఒళ్లు మండింది.

"నా బిడ్డకు ఏం తక్కువైందని మీరు లేస్తరు?"

"తక్కువని కాదండీ. మీకు నా కొడుకులో కనపడ్డ తక్కువేదో, నాకూ అదే."

షట్టరు కింద నుంచి డప్పుల మోత దూరి వస్తోంది. ఇద్దరూ గొంతు పెంచాల్సి వచ్చింది, పెంచితే బయటికి వినపడుతుందని మళ్లీ తగ్గించాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి మేము మొత్తుకుంటే మీవాళ్లు ఒక్కరైనా విన్నారా అని సుందర్ రావు అడిగాడు. మా పొలానికి కాలువ నీళ్లొస్తుంటే నేను మీ గురించి ఆలోచించలేదండీ, అబద్ధమెందుకు అన్నాడు ఏసుపాదం. ఆ ఒప్పుకోలు సుందర్ రావుకు అడ్డం పడింది.

"వేరుపడటం తప్పని నేను అనటంలేదు" అన్నాడు ఏసుపాదం. "మా అన్నా నేనూ వేరుపడ్డాం. ఆ రోజు ఊరి పెద్దలు ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టారండి. వాడు అరిచాడు, నేను అరిచా, మా అమ్మ ఏడ్చింది. అన్నీ విన్నాకే గోడ కట్టారు. మొన్న మమ్మల్నెవరు కూర్చోబెట్టారు? మావాళ్లు అరుస్తుంటే ఆ అరుపు బయటికి రాకుండా టీవీ కట్టేశారు. దేశమంతా బొమ్మలేని డబ్బా చూస్తా కూర్చుంది. వినకుండా చేసిన పని ఎట్టా ఒప్పుకోమంటారు?"

"మాది ఎవడిన్నడు ఇన్నేండ్లు?"

"వినలేదు. నిజమే. అందుకని మాదీ వినకూడదాండి?"

సుందర్ రావు చేతులు ఒళ్లో పెట్టుకుని వేళ్లు ముడుచుకున్నాడు. ఏసుపాదం నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. రాత్రికి అయ్యగారి ఇంట్లో పడుకుంటానని లేచాడు. గుంపు పలచబడేదాకా ఆగమని సుందర్ రావు అన్నాడు.

ఇంటికొచ్చి రూతుకు చెబితే ఆమె నవ్వింది. అది నవ్వు కాదు. "ఇగ సంబురమే గద నీకు. జంట దొరికిండు" అంది.

ఆదివారం చర్చిలో ఎవరి ఊపిరి వారికి వినపడేంత నిశ్శబ్దం. బెన్నీ మగవాళ్ల వైపు చివర కూచున్నాడు, సన్నగా, చేతులు కట్టుకుని. అతని తండ్రి నాలుగు వరసల ముందున్నాడు. ఇద్దరూ పలకరించుకున్నట్టు లేదు. ఇది రెండో ప్రకటనగా లెక్క అని చెప్పి అయ్యగారు చదివాడు. ఈసారి ప్రతి అక్షరం గోడలకు తగిలి తిరిగి వచ్చింది. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పమన్నాడు.

ఏసుపాదం లేచాడు. ఏదో అన్నాడు. ముందు రెండు వరసలకు తప్ప వినపడలేదు. వెనక నుంచి "ఇనవడ్తలేదు" అన్నారు. అయ్యగారు స్తంభం వైపు చూసి, కార్డ్‌లెస్ మైకు ఇవ్వమని సైగ చేశాడు.

సుందర్ రావు మైకు తీసుకుని నడవా వెంట నడిచాడు. దాని అడుగున బ్యాటరీ మూత ఉంటుంది. బొటనవేలితో కొంచెం కదిపితే చాలు. ఆయన పెదవులు కదులుతాయి, మాట రాదు, ఖరాబైందని అందరూ అనుకుంటారు. జ్యోతిని గురించి ఆ మనిషి అనబోయేది చర్చి మొత్తం వినకుండా పోతుంది. ఈసారి తప్పేముంది, కూతురి పరువు కోసమే కదా. బొటనవేలు మూత మీదికి పోయింది.

"నాయినా."

జ్యోతి కూచున్న చోటి నుంచే అంది, మెల్లగానే. ఆ నిశ్శబ్దంలో అది చివరి బెంచీ దాకా పోయింది.

"పోయినసారి చేసినట్టు మైకు బంద్ పెట్టకు. ఆయనది ఇననీయి."

నూరు తలకాయలు మళ్లీ తిరిగాయి. సుందర్ రావు ఆగిపోయాడు. నడవా మధ్యలో ఎంతసేపు నిలబడ్డాడో, అయ్యగారు చిన్నగా దగ్గాడు. అప్పుడు వేలు తీసి, మైకు ఏసుపాదం చేతిలో పెట్టాడు. వెనక్కి పోయి సౌండు పెంచాడు.

ఏసుపాదం చాలాసేపు మాట్లాడాడు. ఒక్కో మాట సుందర్ రావు చేతికింది డబ్బాలోంచే పోయింది. మా పిల్లాడిని రేపు ఇక్కడ పరాయివాడంటే ఎవరు అడ్డం నిలబడతారన్నాడు. పుట్టబోయే పిల్లలు ఏ ఊరి వాళ్లని చెప్పుకోవాలన్నాడు. వేరుపడిన ఇంటి పిల్లను తెచ్చుకుని మా ఊళ్లో నేను ఎట్లా తలెత్తుకోవాలన్నాడు. ఒకరిద్దరు గొణిగారు, ఒకడు లేవబోతే పక్కవాడు కూచోబెట్టాడు. అంతా విన్నారు. నాకు అభ్యంతరం ఉందండి అని ఏసుపాదం కూచున్నాడు.

అయ్యగారు కళ్లద్దాలు తీశాడు. పిల్ల తండ్రి కూడా ఏదో అనాలని ఉన్నాడని అందరికీ తెలుసు, ఆయనా చెప్పొచ్చు అన్నాడు.

ఈసారి సుందర్ రావు లేచాడు. మైకు ఏసుపాదం చేతి నుంచి అందుకున్నాడు.

"పోయిన ఆదివారం కరెంటు ఖరాబ్ కాలే. నేనే బంద్ పెట్టిన" అన్నాడు. "నాకు గూడ ఈ పెండ్లి ఇష్టం లేదు. నిన్న లేదు, ఇయ్యాల లేదు. రాష్ట్రం రెండయింది, మంచిగైంది, దానికోసమే దెబ్బలు తిన్న. ఆ సారుకు మా మీద కోపమున్నది, నాకు ఆళ్ల మీద పోలే. కని మా ఇద్దరి కోపం అయ్యగారి లెక్కల అడ్డం కాదట. చేసుకునేటోళ్లు ఆళ్లిద్దరు. ఆళ్లది ఎవరన్న ఇన్నరా? మైకు ఆళ్లకియ్యుండ్రి."

ఆడవాళ్ల వైపు పోయి కూతురి చేతికి ఇచ్చాడు. జ్యోతి నిలబడి, నాకిష్టమే అంది. ఇంకేమీ కలపలేదు. మైకు చేతులు మారుతూ మగవాళ్ల వైపు బెన్నీ దాకా పోయింది. అతను తండ్రి వైపు చూడకుండా, నాకు కూడానండి అన్నాడు. చెప్పిన అభ్యంతరాలు సంఘం విన్నదని, వాటిలో పెళ్లిని ఆపేది ఏదీ లేదని, వచ్చే ఆదివారం మూడో ప్రకటన, ఈస్టర్ దాటాక పెళ్లి అని అయ్యగారు చెప్పాడు. కాగితం మడిచాడు.

బయట ఎండ ముదిరింది. జనం ఇద్దరు తండ్రులనూ తప్పించుకుంటూ మెట్లు దిగి పోతున్నారు. రూతు, జ్యోతి గేటు దగ్గర బెన్నీతో మాట్లాడుతున్నారు. ఏసుపాదం సంచి భుజాన వేసుకుని సుందర్ రావు పక్కకు వచ్చి నిలబడ్డాడు. రోడ్డు మీద ఇంకో ఊరేగింపు పోతోంది.

"అంటే మీరు ఒప్పుకున్నట్టాండి?"

"ఒప్పుకోలే. మీరు?"

"నేనూ లేదండి."

ఊరేగింపు మలుపు తిరిగేదాకా ఇద్దరూ అటే చూశారు.

"వచ్చే ఆదివారం గూడ వస్తరా?" అని అడిగాడు సుందర్ రావు.

"వస్తానండి. వచ్చి మళ్లీ చెబుతా."

"రాండ్రి. మైకు ఇస్త."